మాచసానమ్మ తల్లిగారిల్లు

మాచసానమ్మకు ఒడిబియ్యం పోయాల్సిన ఇంట్లో ఈసారి ఎవరూ మిగల్లేదని ఊరంతా అంది. పోయిన మాఘం దాకా నా భార్య సాలమ్మ పోసింది. వానకాలంలో ఆమె చనిపోయింది. నేను ఆ ఇంటి అల్లుణ్ణి. ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు, అంటే తల్లిగారు, పోసే పసుపు బియ్యం అవి; అల్లుడు పోయడం ఎక్కడా లేదు.

మా ఊరు దేవరుప్పుల మండలంలో ఉంటుంది. ఊరికి పడమర కూలిపోయిన బురుజు, దాని పక్కన మాచసానమ్మ రాయి. రాతి మీద నిలబడ్డ ఆడమనిషి, చేతిలో కత్తి. ఐదు వందల ఏళ్ల కిందటి దొరసాని అంటారు. ఊరి మీదికి దండు వచ్చింది. ఊరేలే మొగుడు దొడ్డిదారిన గుర్రమెక్కి పోయాడు. ఆమె పోలేదు. బురుజు తలుపులు వేయించి లోపల నిలబడింది, అక్కడే చచ్చింది. మరునాడు దంతాలపల్లి నుంచి ఆమె అన్నదమ్ములు బండి కట్టుకుని వచ్చారు. వాళ్లకు దండు సంగతి తెలియదు. చెల్లెలికి ఒడిబియ్యం పోద్దామని వచ్చారు. మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు కాబట్టి ఆమె ముత్తయిదువే. తెచ్చిన బియ్యం తిరిగి ఇంటికి పోగూడదు. శవం ఒడిలోనే పోశారు. మొగుడి వైపు వాళ్లు ఎప్పుడు తిరిగి వచ్చారో కథలో లేదు. ఎవరూ అడగలేదు కూడా.

అప్పటినుంచి మాఘమాసంలో పున్నమి దాటిన ఆదివారం నాడు ముందు తల్లిగారు వచ్చి రాయికి ఒడిబియ్యం పోయాలి. ఆ తర్వాతే ఊరి బోనాలు. ఇంకో రివాజు కూడా ఉంది. తల్లిగారు వచ్చినప్పుడు అత్తగారింటి వాళ్లు ఎదురువచ్చి కాళ్లకు నీళ్లివ్వాలి. ఆ అత్తగారిల్లు ఇప్పుడు జగపతిది. ఊళ్లో సగం భూమి వాళ్లదే. జగపతి తండ్రి బతికున్నన్నాళ్లు మా మామకు చెంబుతో నీళ్లిచ్చాడు. ఇష్టం లేకపోయినా ఇచ్చాడు. ఆయన పోయాక జగపతి ముందు పాలేరుతో పంపాడు, తర్వాత పంపడం మానేశాడు.

మా మామకు కొడుకులు లేరు. ఆయన చనిపోయిన ఏడు ఒడిబియ్యం ఆగుతుందని అందరూ అనుకున్నారు. సాలమ్మ గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

"అన్న లేకుంటే చెల్లె పోయొద్దా?" అంది. ఆ తర్వాత అది కూడా రివాజే అయింది. కాళ్లు తనే సీసాలో నీళ్లతో కడుక్కునేది.

ఆమె పోయిన తర్వాత వచ్చిన మొదటి మాఘం ఇది.

పండుగ దగ్గర పడుతుండగా బురుజు దగ్గర జగపతి నల్లరాతి బోర్డు నిలబెట్టిస్తున్నాడని తెలిసి చూడటానికి పోయాను. జనగామలో కోయించి తెచ్చారు. మనిషి ఎత్తు బోర్డు. అడుగున జగపతి కొడుకు విశాల్ పేరు, దాని మీద జగపతి పేరు, దాని మీద తండ్రి, తాత, ఇంకా పైకి ఎవరెవరో. ఆ పై పేర్లు కొన్ని ఈ ఊళ్లో ఎవరూ పెట్టుకోనివి. అన్నిటికీ పైన బంగారు రంగులో "మా వంశమాత మాచసానమ్మ" అని ఉంది. విశాల్ సర్పంచ్ ఎన్నికలో నిలబడతాడని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు.

జగపతి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గట్టయ్యా, ఈసారి నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు. "తల్లిగారు ఒడిసిపోయిన్రాయె. ఒడిబియ్యం మా నిర్మల పోస్తది."

నిర్మల ఆయన భార్య.

"మీరెట్ల పోస్తరు పటేలా? మీరు అత్తగారోళ్లు."

"మా ఇంటి అమ్మ. మా బియ్యం. నడుమ నీకేంది నొప్పి?"

విశాల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. మర్యాద తెలిసినవాడే. సెల్‌ఫోన్ తీసి చూపించాడు.

"కాకా, గిది చూడు. హైదరాబాదుల మాకు వంశవృక్షం చేసిచ్చినాయన ఆఫీసు గోడకు గిదే ఉంటది. ఇంగ్లండు దొరసాని. మన సానమ్మ కాలపు మనిషే. ఐదు వందల ఏండ్ల సంది ఆమె ఖాందాన్ మొత్తం తవ్వి తీసిన్రు. వాళ్లు తీయంగ మనం తియ్యొద్దా?"

చూశాను. మెడ చుట్టూ మడతలు మడతలుగా తెల్లబట్ట కట్టుకున్న ఆడమనిషి. ముఖంలో నవ్వు లేదు. నడుమ ఆమె బొమ్మ, చుట్టూ గీతలు, గళ్లు, పేర్లు. నేను ఊరి బడిలో చదివినవాణ్ణి. ఇంగ్లీషు కూడబలుక్కుంటాను.

"గీ పైనున్నదెవరు?"

"ఆమె తండ్రి. గీమె తల్లి. వాళ్ల మీద తాతలు, అవ్వలు."

"మొగడేడి?"

"పక్కకున్నడు సూడు."

"మొగణ్ణి పక్కకు కూసోవెట్టి తండ్రిని నెత్తి మీద పెట్టిన్రు. మరి మన సానమ్మ నెత్తి మీద ఎవరున్నరు?"

విశాల్ బోర్డు వైపు చూశాడు. మాచసానమ్మ పేరు మీద రెండు తామరపువ్వులు చెక్కి ఉన్నాయి.

"గది దొరకలే కాకా."

"దొరకలేదా, దేవులాడలేదా?"

జగపతి కుర్చీలోంచి లేచాడు.

"దొరికితే మాత్రం ఏం జేస్తరు? దంతాలపల్లిల మిరప ఏరే కూలోళ్లను తెచ్చి మా నెత్తి మీద కూసోవెట్టాల్నా? వాళ్లు మాకు వియ్యంకులా? నీ పెండ్లాం ఉన్నన్ని రోజులు పోనీ అని ఊకున్న. గిప్పుడు ఎవరున్నరు? ఎవరన్న ఉంటే తీస్కరా."

"తీస్కస్త."

"యాడికెల్లి? బొందలగడ్డకెల్లా?"

బోర్డు కడుతున్న మేస్త్రీ చెయ్యి ఆగింది. నేను ఇంటి దారి పట్టాను.

ఇంటికి వచ్చి ఆలోచించాను. సాలమ్మ పుట్టిన ఇంట్లో మిగిలింది ఒకడే. ఆమె చిన్నాయన కొడుకు పరశురాములు. నాకు బామ్మర్ది. వాడి గడప తొక్కనని నేను ఒట్టు పెట్టుకున్నాను.

కారణం చెబుతాను. ఆడమనిషి చనిపోతే తల్లిగారు చీర తెచ్చి శవం మీద కప్పాలి. అది పడ్డాకే పాడె లేపుతారు. సాలమ్మ పోయిన రోజు పరశురాములుకు ఫోను చేయించాను. వస్తాడని పొద్దు వాలేదాకా శవాన్ని వాకిట్లో ఉంచాను. వాన పట్టింది. టార్పాలిన్ కట్టి కూడా చూశాము. వాడు రాలేదు. "ఆమె మాకేం గాదు" అన్నాడట. చివరికి మా వదిన తన పెట్టెలోంచి చీర తీసి కప్పింది. నా భార్య దిక్కులేనిదానిలా పోయింది.

వాడి కోపం భూమి మీద. మా మామ రెండెకరాలు ఒక్కగానొక్క బిడ్డకు రాసిపోయాడు. మగపిల్లవాడు తానుండగా ఆడబిడ్డ ఎట్లా తీసుకుంటుందని వాడు ఆమెతో మాట మానేశాడు. ఊరు కూడా వదిలిపోయాడు. ఎక్కడికి పోయాడో నేను తెలుసుకోలేదు. తెలుసుకోవాలని అనుకోలేదు. సాలమ్మ పోయాక వాడి ఫోను నంబరు కూడా మారింది.

బొందలగడ్డ, అంటే శ్మశానం, అన్న మాట చెవిలోంచి పోలేదు. తెల్లారి బస్సెక్కాను.

కొత్త జిల్లాలు చేసినప్పుడు దంతాలపల్లి మానుకోట జిల్లాలోకి పోయింది. జిల్లాలు మారినా మిరప మారలేదు. ఆ రోజుల్లో ఊరి చుట్టూ నేల కనిపించదు, ఎక్కడ చూసినా ఎర్రగా కల్లాలు. సాలమ్మ పుట్టిన ఇల్లు కూలి గోడ మాత్రం మిగిలింది. పక్కింటి మైసమ్మ కల్లంలో కూర్చుని తాలుకాయ వేరు చేస్తోంది. ముసలిది. చూపు ఆనదు. గొంతు పట్టి పోల్చింది.

"గట్టయ్య అల్లునివా? సాలి పోయిందని ఇన్న బిడ్డా. తల్లిగారి చీర పడలేదట గదా."

"పడలే అవ్వా."

"గా ముచ్చట ఇన్ననాడు నాకు బువ్వ సయించలే. మేమన్న తెచ్చి కప్పుదుము. నువ్వు సెప్పకపోతివి."

"మీరు ఆమె ఇంటోళ్లు కాదు గదవ్వా."

"గదే మీతోటి లొల్లి. ఇంటోళ్లు ఇంటోళ్లంటరు. ఇంటోడేమో రాకపాయె."

పరశురాములు ఎక్కడున్నాడని అడిగాను.

"ఘనపూర్ల కారం పట్టే గిర్ని పెట్టుకున్నడట. భూపాలపల్లి పొంటి. పొయ్యేటప్పుడు ఈడ గడప మన్ను మూట గట్టుకోని పోయిండు, మొండోడు."

నేను వచ్చిన పని చెప్పాను. ఇదే మాచసానమ్మ ఇల్లని జగపతి ఒప్పుకోవడం లేదని, మనిషిని తెస్తే రుజువు అడుగుతాడని చెప్పాను. మైసమ్మ మిరపకాయ తొడిమె తుంచి నవ్వింది.

"రుజువేంది? ఈ ఊర్ల అందరం ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తం. పోసే ముందు ఒక పిడికెడు పక్కకు తీసి 'గిది మాచవ్వది' అనేది మీ మామోళ్ల ఇల్లొక్కటే. మాకెవ్వలకు గా రివాజు లేదు. ఇంకో ఇంట్ల చూపియ్యమను."

నిజమే. మా పెండ్లిలో కూడా మా అత్త పిడికెడు తీసి చిన్న ముంతలో పోసింది. ఏడాదంతా అట్లా తీసిన బియ్యం మాఘంలో సానమ్మ దగ్గరికి వచ్చేవి. ఒక ఇంట్లోనే ఒక పని అన్ని తరాలు నడిచిందంటే, ఆ ఇంటికే ఆ బిడ్డ పుట్టినట్టు. నల్లరాయికి ఇంతకంటే ఎక్కువ ఏం తెలుసు?

వరంగల్‌లో బస్సు మారి ఘనపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గిర్ని దూరం నుంచే దొరికింది. వీధంతా కారం ఘాటు. లోపల మోటారు చప్పుడు. పరశురాములు తలకు తువ్వాల చుట్టుకుని డబ్బాలోకి కారం పడుతున్నాడు. నన్ను చూశాడు. మోటారు ఆపలేదు.

నా కళ్లలోంచి నీళ్లు కారాయి.

"ఏడుస్తున్నవా బావా?" అని అరిచాడు.

"కారం."

"మా అక్క పోయిననాడన్న ఏడ్సినవా?"

"నువ్వొస్తే చూద్దువు."

అప్పుడు మోటారు ఆపాడు. మోటారు పట్టా తిరిగి తిరిగి ఆగింది.

"ఎందుకచ్చినవ్?"

"మాచసానమ్మకు ఒడిబియ్యం పోయాలె. నీ ఇంటోళ్లు పోయాలె."

పరశురాములు నవ్వాడు. నవ్వుకు దగ్గు వచ్చింది.

"రెండెకరాలకు పనికిరాని తమ్ముడు గంపెడు బియ్యానికి పనికొచ్చిండా?"

"మీ పెద్దబాపు భూమి మీ పెద్దబాపు బిడ్డకు వచ్చింది. కాదనుకుంటే కోర్టుకు పో. శవం మీది చీర కాడ అడిగేది గాదు."

"ఆడబిడ్డ భూమి తీస్కున్నంక తల్లిగారిల్లు యాడుంటది బావా? ఆమెనే తెంపుకున్నది."

"గా భూమిల పండిన బియ్యమే ఏటేటా సానమ్మకు తెచ్చి పోసింది. తెంపుకున్నోళ్లు తెస్తరా? నువ్వు మగోనివి గదా, నువ్వేం పోసినవ్?"

వాడి భార్య శోభారాణి వెనక ఇంట్లోంచి వచ్చింది. చేతిలో చెంబు.

"అన్నా, ముందు కాళ్లు కడుక్కో. కొట్లాట యాడికి పోదు."

"నేను చుట్టం లెక్క రాలేదు చెల్లె."

ఆమె చెంబు పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తర్వాత కింద పెట్టి లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు మూతికి బట్ట కట్టిన ముంత తెచ్చింది. కట్టు విప్పి నా ముందు పెట్టింది. లోపల పసుపు బియ్యం. పై బియ్యం పచ్చగా ఉన్నాయి. అడుగువి నల్లబడి పురుగు పట్టి ఉన్నాయి.

"మా బిడ్డలకు ఒడిబియ్యం పోసినప్పుడల్లా తీసిన పిడికెళ్లు," అంది. "వదినతోటి మాటలు లేవు గద, పంపబుద్ధి గాలే. మీ బామ్మర్దే మూతి గట్టి అటక మీద పెట్టిండు. పురుగు పట్టినయి, పారబోస్తనంటే నా మీదికి లేసిండు."

నేను పరశురాములు వైపు చూశాను. వాడు గిర్ని వైపు తిరిగి పట్టా సరిచేస్తున్నాడు. పట్టా బాగానే ఉంది.

"అక్క మీద కోపం గని మాచవ్వ మీద గాదు," అన్నాడు అటు తిరిగే.

"మీ అక్క మీద కోపం చూపియ్యనీకి నీకు శవమే దొరికింది."

"వదినకు చీర నేను తీసి పెట్టిన అన్నా," అంది శోభారాణి. "ఈయన బస్సెక్కలే. నేనొక్కదాన్ని ఎట్లస్త?"

నేను జగపతి అన్న మాటలు చెప్పాను. కూలోళ్లు మాకు వియ్యంకులా అన్నది చెప్పాను. యాడికెల్లి తెస్తవు, బొందలగడ్డకెల్లా అన్నది చెప్పాను. నేను ఒక్క మాట కూడా కలపలేదు. అవసరం రాలేదు.

పరశురాములు తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"బొందలగడ్డ అన్నడా?"

"అన్నడు."

"మా తాత సానమ్మ కాడికి పోతే వాళ్ల తాత కాళ్లకు నీళ్లిచ్చేటోడు. వంగి ఇచ్చేటోడు. మా బాపు చెప్తుండె." తువ్వాల మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "ఎన్నడు?"

"ఆదివారం."

"నీ కోసం రాను బావా. చెప్తున్న."

"నా కోసం నిన్నెవడు పిలిచిండు?"

శోభారాణి మా ఇద్దరి ముఖాలు చూసి తల కొట్టుకుంది. "ఇద్దరికిద్దరు. ఒక్క బండరాయిని పగులగొడితే మీరు," అంది.

ఆదివారం బురుజు దగ్గర ఊరంతా చేరింది. డప్పులు మోగుతున్నాయి. బోర్డుకు తెర కట్టి ఉంది. విశాల్ తెల్లచొక్కా వేసుకుని అందరికీ దండం పెడుతున్నాడు. నిర్మల పట్టుచీర కట్టుకుని ఇత్తడి పళ్లెం పట్టుకుని రాయి ముందు నిలబడింది. పళ్లెంలో పసుపు బియ్యం, కుడుకలు, పోకలు, రవికబట్ట.

మేము ఆటో దిగి జనంలోంచి నడిచాము. ముందు శోభారాణి, నెత్తి మీద గంప. వెనక పరశురాములు, చేతిలో ముంత. వాళ్ల వెనక నేను. డప్పు కొట్టే సాంబయ్య ముందుగా చూశాడు. దెబ్బ మార్చాడు. అది తల్లిగారు వచ్చినప్పుడు కొట్టే దెబ్బ. వద్దని ఎవరైనా చెప్పేలోపే ఊరికి వినిపించింది.

జగపతి అడ్డం వచ్చాడు.

"ఎవరు గట్టయ్యా వీళ్లు?"

"తల్లిగారు. బొందలగడ్డకెల్లి గాదు. ఘనపూర్ కెల్లి."

"ఎవన్నో పట్టుకొచ్చి తల్లిగారంటే అయితదా? రుజువేంది?"

"రుజువు తెచ్చిన. ముందు నువ్వొక్క ముచ్చట చెప్పు పటేలా. ఊరంతా ఇంటది. ఈ మాచసానమ్మ మీ ఇంటికి ఆడబిడ్డా, కోడలా?"

జగపతి కొడుకు వైపు చూశాడు. పళ్లెం వైపు చూశాడు. ఒడిబియ్యం పోయాలంటే ఏమనాలో ఆలోచించాడు.

"ఆడబిడ్డ. మా ఇంట్ల పుట్టింది. అందుకే మేం పోస్తున్నం."

"మంచిది. తెర తియ్యి."

"ఎందుకు?"

"తియ్యి. నీ బోర్డే గదా."

నేనే గుంజాను. బట్ట జారింది. పైన మాచసానమ్మ, కింద వరుసగా మగవాళ్లు, అందరికీ జగపతి ఇంటిపేరు.

"ఆడబిడ్డ కడుపున పుట్టినోళ్లకు ఎవరి ఇంటిపేరు వస్తది?"

"మొగనిది," అన్నాడు సాంబయ్య, డప్పు చంకలో పెట్టుకుని.

"మరి మీ ఆడబిడ్డ కడుపుల మీ ఇంటిపేరోళ్లు ఎట్ల పుట్టిన్రు పటేలా? ఆడబిడ్డయితే వీళ్లంతా ఎవరు? ఆమె అత్తగారోళ్లేరి? పిలిచినవా? ఆడబిడ్డంటే బోర్డు తియ్యాలె."

జనంలో ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. అది మగవాళ్ల వైపు కూడా పాకింది. జగపతి ముఖం ఎర్రబడింది.

"కోడలు! కోడలే. మా తాతల తల్లి. గిదే గద బోర్డు మీద రాసింది!"

"కోడలయితే పళ్లెం దింపాలె. కోడలికి అత్తగారోళ్లు ఒడిబియ్యం పోసుడు యాడుంది?"

"కాకా, గివన్ని పాతకాలం మాటలు," అన్నాడు విశాల్. గొంతు తగ్గించి అన్నాడు. "ఎవరు పోస్తే ఏంది?"

"పాతది వద్దనుకుంటే ఐదు వందల ఏండ్ల దాన్ని ఎందుకు పట్టుకున్నవ్ బిడ్డా? నీ ఫోనుల ఇంగ్లండు దొరసానికి తండ్రున్నడు. గీమెకు లేడా? మన్నుల మొలిచిందా?"

శోభారాణి గంప దించింది. పరశురాములు ముంత కట్టు విప్పి జనం ముందు పెట్టాడు. నల్లబడిన బియ్యం, పచ్చ బియ్యం.

"మా ఇంట్ల ఏ ఆడబిడ్డకు పోసినా ముందు మాచవ్వకు పిడికెడు తీస్తం," అన్నాడు. "మీ ఇంట్ల తీస్తరా? తీస్తే చూపియ్యిన్రి. మేం తిరిగి బస్సెక్కుతం."

జగపతి ముంత వైపు చూడలేదు.

"నిర్మలా, పొయ్యి!" అని అరిచాడు. "వీళ్లతోటి ఏంది!"

నిర్మల కదల్లేదు. బియ్యం వైపు చూసింది, రాయి వైపు చూసింది.

"నాకు మా అన్న తెస్తడు ఒడిబియ్యం," అంది. "మీరు పోస్తే నేను ఒడి పడతనా? మరి గామె ఎట్ల పడతది?"

"నిర్మలా!"

"నలుగురి ముంగట నేను పొయ్యను. మా అన్నకు తెలిస్తే నా ముఖం చూడడు."

పళ్లెం గద్దె చివర పెట్టి పక్కకు జరిగింది.

శోభారాణి ముందుకు రాబోయింది. నేను ఆపాను.

"ఆగు చెల్లె. ఇంకోటున్నది. కాళ్లకు నీళ్లు."

జగపతి నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. నేను కూడా అట్లాగే చూశాను. చివరికి నిర్మలే బోనాల దగ్గరున్న బిందెలో చెంబు ముంచి తెచ్చింది. శోభారాణి కాళ్ల దగ్గర వంగి నీళ్లు పోసింది. తర్వాత పరశురాములుకు. వాడు పాదాలు వెనక్కి లాక్కోబోయాడు.

"ఉంచు," అన్నాను.

జగపతి కారెక్కి పోయాడు. సానమ్మ మొగుడు పోయిన దారి అదే అనుకుంటాను. కథలో గుర్రం ఉంది, అంతే తేడా. విశాల్ ఉండిపోయాడు. ఓట్లు ఉన్నాయి కదా.

శోభారాణి రాయికి రవికబట్ట చుట్టి ఒడిబియ్యం పోసింది. ముందు ముంతలోవి, పురుగులతో సహా. తర్వాత గంపలోవి. ఆ తర్వాత బోనాలు కదిలాయి.

బోర్డు ఇంకా అక్కడే ఉంది. పైన తామరపువ్వులే ఉన్నాయి. కోర్టుకైనా పోతానన్నాడట జగపతి. పొమ్మన్నాను. అక్కడ కూడా ఇదే అడుగుతాను.

ఘనపూర్ వాళ్లు ఆ సాయంత్రమే వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. నా వెనకే మా ఇంటి వైపు నడిచారు. సాలమ్మను దారిలోనే ఉన్న మా పొలం గట్టు దగ్గర దహనం చేసి గద్దె కట్టించాను. శోభారాణి సంచిలోంచి చీర తీసింది. ఆకుపచ్చది, ఎర్రంచు. అప్పుడు కొని పెట్టిందే. మడతల దగ్గర రంగు వెలిసింది.

పరశురాములు చీర పట్టుకుని గద్దె ముందు నిలబడ్డాడు. కప్పలేదు.

"బావా, కప్పాల్నా?"

"వాన పడ్డనాడు కప్పాల్సింది."

"గిప్పుడు కప్పాల్నా వద్దా చెప్పు."

"ఆమె నీకు అక్క. నన్నెందుకు అడుగుతవ్?"

కప్పాడు. నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. గాలి వచ్చింది, చీర లేవలేదు. వాడు ఏదో అనబోయాడు. నేను ఇంటి వైపు నడిచాను. వాడి మాట నాకు అక్కర్లేదు. ఇప్పటికీ అక్కర్లేదు.

వాళ్లు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. గడప దాటలేదు. చెప్పులు విప్పి దుమ్ము కాళ్లతో అట్లాగే నిలబడ్డారు. శోభారాణి నేల చూస్తోంది. ఘనపూర్‌లో ఆమె నాకు చెంబు తెచ్చింది, నేను ముట్టలేదు. సాలమ్మకు వాళ్లు తల్లిగారు. సాలమ్మకు ఇది అత్తగారిల్లు. పొద్దున ఊరందరి ముందు నీళ్లు అడిగిన నోరు నాదే.

లోపలికి పోయి చెంబు నింపుకొచ్చాను. అరుగు మీద పెట్టాను. చేతికి ఇవ్వలేదు.